పదహారు గ్రాముల తరుగు

నలభై ఏళ్ల కిందట ఒక మనిషికి మాట ఇచ్చాను. "రేపు కమిటీ ముందు నేనే చెబుతానండి" అన్నాను. చెప్పలేదు. ఆ మాట పుచ్చుకున్న మనిషి పోయిన మంగళవారం రాజోలు దగ్గర తమ ఊళ్లో కన్నుమూశారు. మా కెమిస్ట్రీ మాస్టారు.

నేనుండేది కొత్తపేట. వాళ్ల ఊరికి రెండు బస్సులు మారినా గంటన్నర ప్రయాణం. కబురు మాత్రం కువైట్ మీదుగా వచ్చింది. అక్కడ ఆయిల్ కంపెనీలో పనిచేసే మా పాత విద్యార్థి ఒకడు ఫోనులో రెండు వాక్యాలు పంపాడు. చివర చేతులు జోడించిన బొమ్మ. ఆ పూట పదిమంది అదే బొమ్మ పంపారు. అందులో ఏడుగురు ఆయన బతికున్నప్పుడు ఆ ఊరి పొలిమేర తొక్కలేదు.

నాకు డెబ్బై అయిదు. మంచి మాటలు మాత్రమే రాయాలని సంకల్పించుకుని కూర్చునే వయసు దాటిపోయింది. ఆయన గురించి రాయాలంటే ఆయన బతుకు చెడగొట్టినవాళ్ల గురించి కూడా రాయాలి. అందరూ ఇందులో వస్తారు.

కోనసీమలో ఒక కాలేజీ. పేరు రాయను, తెలిసినవాళ్లకు తెలుస్తుంది. అక్కడ నేను ల్యాబు పనులు చూసే డిమాన్‌స్ట్రేటరుగా చేరినప్పటికి ఆయన లెక్చరరు. నాకన్నా పదేళ్లు పెద్ద. పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి ఉండేవారు. ఎండైనా వానైనా చంకలో గొడుగు. బీఎస్సీ మొదటి ఏడు పిల్లల్ని కూడా "మీరు" అనేవారు. కొత్తలో పిల్లలు వెనక్కి తిరిగి చూసుకునేవారు, ఎవరినంటున్నారా అని.

మా స్టాకు గదిలో, గాజు తలుపుల అలమారాలో, గోధుమరంగు సీసా ఒకటి ఉండేది. అందులో నూరు గ్రాముల యురేనియం నైట్రేటు. పసుపు పచ్చని పలుకులు, ఎండ తగిలితే అంచుల్లో ఆకుపచ్చగా మెరుస్తాయి. ఎప్పుడో ఎవరో తెప్పించి పెట్టారు. ముట్టుకుంటే ఏమవుతుందోనని ఎవరూ మూత తీయలేదు. మాస్టారు తీశారు.

ఆయన చేయించిన ప్రయోగం చెబుతాను. కెమిస్ట్రీ రానివాళ్లకు కూడా అర్థమవుతుంది, ఎందుకంటే ఆయన నాకు చెప్పినట్టే చెబుతాను. మూడు బీకర్లలో ఒకే కొలత ఆక్జాలిక్ ఆమ్లం. మొదటిదాంట్లో ఇంకేమీ లేదు. రెండోదాంట్లో, మూడోదాంట్లో కాస్త యురేనియం లవణం. మూడూ కాలేజీ డాబా మీదికి పట్టుకెళ్లి ఎండలో పెట్టేవారు. మూడోదానికి తన గొడుగు వేసేవారు. గంటన్నర తరవాత చూస్తే, యురేనియమూ ఎండా రెండూ ఉన్న బీకరులో సన్నటి బుడగలు లేచేవి. ఆమ్లం విరిగిపోతోందన్నమాట. ఉత్త ఎండ తిన్నది అలాగే ఉండేది. గొడుగు కిందిదీ అలాగే ఉండేది. పర్మాంగనేటు చుక్కలు వేసి ఎంత ఆమ్లం మిగిలిందో లెక్క కట్టేవాళ్లం. ఆమ్లం సగం మాయమైన బీకరులో కూడా యురేనియం వేసినంతా అలాగే ఉండేది. అది ఎండను పట్టుకుని ఆమ్లానికి అందిస్తుంది, మళ్లీ తన చోటికి తాను వచ్చేస్తుంది. పని చేయిస్తుంది కాని తాను ఖర్చు కాదు. ఇలాంటి పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు.

"లోకమంతా దీన్ని పగలగొట్టి చూసిందండి" అనేవారు పిల్లలతో. "పగలగొట్టకుండా పక్కన నిలబెట్టి చూడండి. ఎంత మర్యాదస్తురాలో తెలుస్తుంది."

ఆ మాటకు పిల్లలు నవ్వేవారు. నేనూ నవ్వాను. ఈ మధ్య పదేళ్లుగా రసాయన పత్రికలు చదువుతూ ఉంటే నవ్వు రావడం లేదు. కరెంటు కోసం పనికొచ్చే భాగం లాగేసుకున్నాక మిగిలిన యురేనియం పెద్ద దేశాల్లో గుట్టలుగా పడి ఉంది. దాన్ని ఏం చెయ్యాలో తెలియక, వెలుతురు కింద పెట్టి ఉత్ప్రేరకంగా వాడొచ్చా అని ఇప్పుడు చూస్తున్నారు. మొండి రసాయన బంధాలు కూడా దాని సాయంతో కదులుతున్నాయని రాస్తున్నారు. విషవాయువుల్ని యురేనియం ఆక్సైడు మీదుగా పోనిచ్చి కాల్చేయడం గురించీ రాస్తున్నారు. మా మాస్టారు ఆ మాట డాబా మీద గొడుగు పట్టుకుని అన్నారు. ఆయన పేరు ఎక్కడా ఉండదు.

ఆయనకు దాని మీద అంత పట్టుదల ఎందుకో నాకు మూడో ఏడు గాని తెలియలేదు. మా ప్రాంతంలో కొబ్బరి పీచు నానేసే గుంటలు చూసినవాళ్లకు ఆ నీళ్ల సంగతి చెప్పక్కర్లేదు. నల్లటి కషాయంలా ఉంటాయి. ఆ వాసన బట్టలకు పడితే వదలదు. మాస్టారి తల్లి ఆ నీళ్లలో మోకాళ్ల దాకా నిలబడి పీచు కొట్టిన మనిషి. ఆ కూలి డబ్బులతో, మిషన్ బడి చలవతో ఆయన ఎమ్మెస్సీ దాకా వచ్చారు. ఆవిడ కాళ్లకు ఎప్పుడూ పుండ్లేనని ఒక్కసారి చెప్పారు, అదీ బ్యూరెట్టు కేసి చూస్తూ. ఆ నీళ్లలోని నల్లటి సరుకును ఎండా యురేనియమూ కలిసి విరగ్గొట్టగలవా అన్నది ఆయన ప్రశ్న.

ఒకసారి చేసి చూశాం. గాజు గొట్టంలో యురేనియం ద్రావణం ఎండలో పచ్చగా వెలుగుతోంది. ఆయన ఆ గుంట నీళ్లు ఒక్క చుక్క వేశారు. వెలుగు ఠక్కున ఆరిపోయింది. ఇంకో గొట్టం, ఇంకో చుక్క, మళ్లీ ఆరిపోయింది. సాయంత్రం దాకా ఎండలో ఉంచినా నీళ్ల నలుపు నలుపే.

"పోయిందండి మాస్టారూ" అన్నాను.

"పోలేదండి. ఆర్పేసిందంటే తగిలిందనే కదా. తగలకపోతే ఎందుకు ఆరుతుంది?" అన్నారు.

ఓడిపోయిన ప్రయోగంలో ఆ ఒక్క మంచి మాట వెతుక్కునే మనిషిని నేను మళ్లీ చూడలేదు. యురేనియం లవణం నీళ్లలో కలపడం ఎలాగూ తప్పేననీ, అది విషమనీ, ఇసుక రేణువు లాంటి గట్టిదానికి అతికించి, నీళ్లలోకి ఊడిరాకుండా చేసి చూడాలనీ ఆ రోజే అన్నారు. దానికి మా లాబొరేటరీ చాలదు. యూనివర్సిటీలో ఒక ప్రొఫెసరు గారు పరిశోధనకు చేర్చుకుంటానని ఉత్తరం రాశారు. కాలేజీ మూడేళ్లు సెలవు ఇవ్వాలి. ఆ సెలవు కోసం ఆయన ఎనిమిదేళ్లు ఎదురు చూశారు. చివరికి వస్తుందనుకున్న ఏడే ఇదంతా జరిగింది.

ఇక నా పని. ప్రయోగాలయ్యాక ఆ పసుపు నీళ్లన్నీ ఒక జాడీలో పోసి ఉంచేవాళ్లం. ఏడాది చివర నేను వాటిని ఇగరబెట్టి, అమ్మోనియా వేసి యురేనియాన్ని ముద్దగా కిందికి దింపి, వడకట్టి, మళ్లీ నైట్రికామ్లంలో కరిగించి పలుకులు కట్టించాలి. ఆ పలుకుల్ని తిరిగి సీసాలో పోసి, తూచి, రిజిస్టరులో రాయాలి. మాస్టారు బీకరు మూడుసార్లు కడిగించేవారు, ఆ కడుగునీళ్లు కూడా జాడీలోకే. "గాజుకి మనకన్నా జ్ఞాపకం ఎక్కువండి, తొందరగా వదలదు" అనేవారు. అది ఆయనకు ఎంత అలవాటైపోయిందంటే, టీ తాగాక గ్లాసులో కాసిని వేణ్ణీళ్లు పోసి, తిప్పి, అవి కూడా తాగేవారు. స్టాఫు రూములో అందరూ ఎకసెక్కం చేసేవారు. పీనాసి అన్నారు. అది పీనాసితనం కాదు, కొలత.

ఎంత కడిగినా వడపోత కాగితానికి కొంత అంటుకుంటుంది. మొదటి ఏడు ఇద్దరం కలిసి తూచాం. నూరు ఉండాల్సింది తొంభై ఎనిమిదిన్నర వచ్చింది. నా మొహం చూసి, "దీన్ని తరుగు అంటారండి. కంసాలి దగ్గరా ఉంటుంది, మన దగ్గరా ఉంటుంది. ఉన్నది రాయండి. తగ్గడం తప్పు కాదు" అన్నారు.

నేను రిజిస్టరు తీసి నూరు అని రాశాను.

ఎందుకు రాశానో ఇన్నేళ్లూ రకరకాలుగా చెప్పుకున్నాను. ఉత్ప్రేరకం ఖర్చు కాదని పుస్తకంలో ఉంది గనక, తగ్గిందని రాస్తే నా చెయ్యి కారుతుందని అందరూ అనుకుంటారనిపించింది. డిపార్టుమెంటు హెడ్డు గారు నాకు ఉద్యోగం వేయించిన మనిషి, వాళ్ల అమ్మాయిని నాకు ఇవ్వాలని చూస్తున్న మనిషి. ఆయన ముందు వడకట్టడం రానివాడిలా కనబడటం ఇష్టం లేకపోయింది. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం లేదు. రెండో ఏడు నుంచి తూచడం కూడా మానేశాను. పలుకులు సీసాలో పోసి నూరు అని రాసేవాణ్ని. కింద మాస్టారు సంతకం పెట్టేవారు. అలా పదకొండేళ్లు.

ఆ పదకొండో ఏడు, ఏ కాలేజీలో ఎంత యురేనియం లవణం ఉందో తూచి తెలపమని పైనుంచి కాగితం వచ్చింది. ప్రిన్సిపాలు గారికి చెమటలు పట్టాయి. స్టాకు తనిఖీ చేసే ఫిజిక్సు లెక్చరరు గారు సీసా తెచ్చి త్రాసు మీద పెట్టారు. ఎనభై నాలుగు. రిజిస్టరులో నూరు. పదహారు గ్రాములు లేవు.

మధ్యాహ్నానికి ఊరంతా పాకింది. పదహారు గ్రాముల యురేనియం ఎవరికి అమ్మేరు, ఎంతకి అమ్మేరు. దాంతో బాంబు చేయొచ్చా అని టీ కొట్టు దగ్గర ఒకాయన నన్నే అడిగాడు. బాంబు కాదు కదా, కుంకుడుకాయ నురగ కూడా రాదని చెప్పాల్సింది. నేను తల వంచుకుని టీ తాగాను. మూడో రోజు పేపర్లో జిల్లా పేజీలో వచ్చింది. రాసినవాడికి గ్రాముకీ కిలోకీ తేడా తెలిసినట్టు లేదు.

కమిటీ వేశారు. ప్రిన్సిపాలు గారు, ఫిజిక్సు లెక్చరరు గారు, మా డిపార్టుమెంటు హెడ్డు గారు. హెడ్డు గారు అప్పటికి నాకు మావగారు. ముందురోజు సాయంత్రం నేను బస్టాండుకు పరిగెత్తాను. మాస్టారు రాజోలు బస్సు కోసం గొడుగు ఊతగా పట్టుకుని నిలబడి ఉన్నారు.

"నేను తూచలేదండి మాస్టారూ. పదేళ్లుగా తూచలేదు. నూరు అని నేనే రాసుకుంటూ పోయేనండి. అది తరుగండి, దొంగతనం కాదు."

ఆయన నా వైపు తిరిగారు. "చెబుతారా?" అన్నారు.

"ఆయ్. రేపు కమిటీ ముందు నేనే చెబుతానండి."

ఆయన నవ్వారు. గండం గడిచిందని నవ్విన మనిషి నవ్వులా లేదది. పిల్లలెవరైనా లెక్క సరిగ్గా చేసి చూపిస్తే అలా నవ్వేవారు. ఎందుకో అప్పుడు నాకు తెలియలేదు. "సరేనండి, మంచిది" అని బస్సెక్కారు.

ఇంటికి వెళ్లి భార్యతో చెప్పాను. ఆవిడ వాళ్ల నాన్నగారితో చెప్పింది. భోజనాల దగ్గర మావగారు గారెలు వడ్డించమని నా విస్తరి వైపు చెయ్యి చూపిస్తూ మొదలుపెట్టారు.

"అల్లుడు గారూ, నిజం చెప్పినందుకు మీకు ఇంక్రిమెంటు ఇవ్వరండి, చేతికి కాగితం ఇస్తారు. తప్పుడు రికార్డు రాసేడని. పెళ్లాన్ని పోషించుకోవాలా అక్కర్లేదా?"

"మాస్టారి సెలవు పోతుందండి" అన్నాను.

"పోతే పోనీండి. వాళ్ల తాతకి మా నాన్నగారు కూలి గింజలు కుంచంతో కొలిచి పోసేవారు. ఇప్పుడు ఈయన మనకి గ్రాములు కొలిచి చూపిస్తున్నారు. కొలతలు ఎవరి దగ్గరుండాలో అక్కడే ఉండాలండి. ఇంకో గారె వేసుకోండి."

గారె వేసుకున్నాను. ఆ మాట విని లేచిపోకుండా ఇంకో గారె తిన్నాను. ఇది మావగారి మీద ఫిర్యాదు మాత్రమే కాదు.

మర్నాడు ప్రిన్సిపాలు గారి గదిలో ముగ్గురూ కూర్చున్నారు. మాస్టారు కిటికీ పక్కన నిలబడ్డారు, ఆయనకు కుర్చీ వేయలేదు. ప్రిన్సిపాలు గారు రిజిస్టరు నా వైపు తిప్పి అడిగారు.

"పదకొండుసార్లు నూరు, నూరు, నూరు. ఎవరు చెబితే రాసేవు?"

నేను మావగారి కేసి చూశాను. ఆయన పేపరువెయిటు తిప్పుతున్నారు.

"ఉత్ప్రేరకం ఖర్చు కాదని మాస్టారు చెప్పేరండి. అలాగే రాసేనండి."

ప్రిన్సిపాలు గారు పక్కనున్న గుమాస్తాకు చెప్పి రాయించారు: లెక్చరరు చెప్పిన ప్రకారమే రాసినట్టు డిమాన్‌స్ట్రేటరు ఒప్పుకున్నాడు. తరవాత కిటికీ వైపు తిరిగి, "మీరేమంటారు?" అన్నారు.

"పాఠం అలాగే చెప్పేనండి" అన్నారు మాస్టారు.

అంతే. బయటికి వచ్చాక వరండాలో నా పక్కనే నడిచారు. "మధ్యాహ్నం సెకండియర్ వాళ్లకి ప్రాక్టికల్ ఉందండి, బ్యూరెట్లు కడిగించండి" అని తన క్లాసుకు వెళ్లిపోయారు.

దొంగతనం రుజువు కాలేదు, కాబట్టి పోలీసుల దాకా వెళ్లలేదు. నిర్లక్ష్యం అని రాశారు. సీసాకు సీలు వేసి పంపేశారు. డాబా మీద ప్రయోగం ఆపేశారు. సెలవు రద్దయింది. ఆ ఏడు ఆ సెలవు ఫిజిక్సు లెక్చరరు గారికి ఇచ్చారు. ఆయన మూడేళ్లూ తీసుకుని ఒక్క కాగితమైనా తేకుండా తిరిగి వచ్చారు, లావయ్యారు. మాస్టారు రెండేళ్ల తరవాత రాజోలు వైపు ఇంటర్ కాలేజీకి వెళ్లిపోయి, రిటైరయ్యేదాకా అక్కడే పాఠం చెప్పుకున్నారు. బస్సులో కుర్రాళ్లు "బాంబు మాస్టారొచ్చేరు, సీటియ్యండ్రా" అనేవారట. ఆయన థాంక్సండి అని చెప్పి కూర్చునేవారట.

నాకు లెక్చరరుగా ప్రమోషన్ వచ్చింది. ఆయన ఖాళీ చేసిన చోటే.

రిటైరయ్యాక నేను వాళ్ల ఇంటికి వెళ్లడం మొదలుపెట్టాను. ఏడాదికి రెండుసార్లు, మూడుసార్లు. బడిలో పనిచేసి రిటైరైన టీచరమ్మ గారు, అంటే వాళ్లావిడ, తలుపు తీసి "రండి రండి, మీ గురించే అనుకుంటున్నారు" అనేవారు. అది మర్యాదకు అన్నదేనని అనుకునేవాణ్ని. ప్రతిసారీ క్షమాపణ నోటి దాకా తెచ్చుకునేవాణ్ని. ఆయన కొబ్బరి ధర గురించో, ఎండ గురించో ఎత్తుకునేవారు. ఒకసారి ఈ కొత్త పరిశోధనల కాగితాలు అచ్చు తీసి పట్టుకెళ్లాను. యురేనియాన్ని గట్టి పదార్థానికి అతికించి, వెలుతురులో పనిచేయించిన వివరం. ఆయన కోరుకున్నది అక్షరాలా అదే. కళ్లద్దాలు తుడుచుకుని మొత్తం చదివారు. గంట పట్టింది. టీచరమ్మ గారు రెండుసార్లు టీ ఇచ్చారు. రెండుసార్లూ ఆయన గ్లాసు కడిగి ఆ నీళ్లు తాగారు.

"చాలా బావుందండి" అన్నారు చివరికి. "వడపోతలో ఎంత పోయిందో మాత్రం రాయలేదు చూశారా?"

నన్ను పొడిచారేమోనని చూశాను. లేదు. నిజంగానే ఆ అంకె కోసమే వెతుకుతున్నారు.

శుక్రవారం వాళ్ల చర్చి ఆవరణలో ఆదరణ కూడిక, అంటే సంతాప సభ, పెట్టారు. రోడ్డు మీద ఫ్లెక్సీ కట్టారు, "ప్రముఖ అణుశాస్త్రవేత్తకు జోహార్లు" అని. ఆయన ఫొటో వెనకాల బాంబు పేలిన పొగమేఘం. కట్టించినవాళ్లు మా పాత విద్యార్థులే, బీఎస్సీ కెమిస్ట్రీ ప్యాసైనవాళ్లు. పగలగొట్టకుండా చూడమని జీవితమంతా చెప్పిన మనిషిని ఆ మేఘం ముందు నిలబెట్టారు. ఫిజిక్సు లెక్చరరు గారికి ఎనభై దాటాయి. కారులో వచ్చారు. మైకు పట్టుకుని, మా కాలేజీకి ఆయన గర్వకారణమనీ, ఆయన పరిశోధనకు తాను మొదటినుంచీ ప్రోత్సాహమిచ్చాననీ సెలవిచ్చారు. చప్పట్లు కొట్టారు. నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. లేచాను. నలభై ఏళ్ల కింద చెప్పాల్సిన మాట అక్కడ చెప్పాను. తూచలేదని, నూరు అని నేనే రాశానని, కమిటీ ముందు ఆయన మీదికి నెట్టానని. ఫాదరు గారు నా భుజం తట్టి తరవాతి వక్తను పిలిచారు. ఆలస్యంగా చెప్పిన నిజానికి ఆ మాత్రమే దక్కుతుంది.

అందరూ వెళ్లాక టీచరమ్మ గారు లోపలికి పిలిచి టీ ఇచ్చారు. ఒక చిన్న నోటుబుక్కు తెచ్చి నా చేతిలో పెట్టారు. చెమటకు, వయసుకు అట్ట మెత్తబడిపోయింది.

"మీరు చెబితే ఇమ్మన్నారండి" అన్నారు.

"ఏం చెబితేనండి?"

"అది నాకు చెప్పలేదండి. ఆయన చెబితే ఇవ్వు, చెప్పకపోతే నాతోపాటు పెట్టెలో పెట్టేయి అన్నారు. బుధవారం పెట్టె మూసేటప్పుడు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. ఎందుకో పెట్టలేకపోయేను. కూడిక అయ్యేదాకా చూద్దామనుకున్నాను."

బస్సులో తెరిచాను. పెన్సిలు రాత. ఒక్కో ఏడాదికి ఒక్కో వరుస. మొదటి వరుస ఇద్దరం కలిసి తూచినది. తరవాత ప్రతి ఏడూ, సెలవులకు ముందు, నేను ఇంటికి వెళ్లాక, ఆయన ఆ సీసాను తూచారు. తొంభై ఎనిమిదిన్నర. తొంభై ఏడు. తొంభై అయిదున్నర. పక్కన వరుసలో నేను రిజిస్టరులో రాసింది: నూరు. నూరు. నూరు. దాని పక్కన రెండో ఏడు నుంచి అవే మాటలు. "అబ్బాయి తూచలేదు. వచ్చే ఏడు తూస్తాడు."

ఎప్పుడూ "మీరు" అని తప్ప నన్ను పిలవని మనిషి, అందులో అబ్బాయి అని రాసుకున్నారు.

ఆ పుస్తకం ఆ రోజు ప్రిన్సిపాలు గారి బల్ల మీద పెట్టి ఉంటే చాలు. ఏడాదికి గ్రామున్నర చొప్పున పోయిందని, దొంగ ఎవరూ లేరని కళ్లకు కట్టినట్టు కనిపించేది. ఆయనకు సెలవు వచ్చేది. నా ఉద్యోగం ఊడేది. కమిటీ గదిలో ఆయన నిలబడ్డంతసేపూ ఆ పుస్తకం ఆయన చొక్కా జేబులోనే ఉండి ఉంటుంది. ఆ సైజు పుస్తకం ఆయన జేబులో ఎప్పుడూ కనిపించేది, అందులో ఏముందని నేనెప్పుడూ అడగలేదు. పైగా నూరు అబద్ధమని తెలిసీ, తూకం తప్పని ఆ మనిషి, నా అంకె కింద పదకొండుసార్లు సంతకం పెట్టారు. కాలేజీకి చేసిన తప్పు అది. తనకు చేసుకున్నది అంతకన్నా పెద్దది.

చివరి వరుసలో ఎనభై నాలుగు అని ఉంది. అది కమిటీకి ముందు సాయంత్రం, బస్సు దిగాక ఇంట్లో రాసుకున్నది అయి ఉండాలి. పక్కన మామూలు మాటలు లేవు. "రేపు చెబుతానన్నాడు" అని ఉంది. ఆ తరవాత పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి.

పేపర్లో ఆ వార్త రాసినవాణ్ని ఎప్పుడో మరిచిపోయాను. ప్రిన్సిపాలు గారు పిరికివారు, పిరికివాణ్ని ఎంతకాలం తిడతాం? మావగారు పక్షవాతం వచ్చి మంచాన పడ్డప్పుడు ఆరేళ్లు ఆయనకు చెంచాతో తాగించాను, అక్కడితో ఆ లెక్క చెల్లింది. నన్ను నేను తిట్టుకోవడం పొద్దున్న పళ్లు తోముకోవడంలా అలవాటైపోయింది, అందులో ఇప్పుడు పదును లేదు. ఆ బుక్కు నా బల్ల మీద ఉంది. పక్కన టీ గ్లాసు ఉంది, ఖాళీది, వేణ్ణీళ్లు పోసి తిప్పి తాగినది. మొదటి ఏడే చెంప మీద ఒక్కటి కొట్టి, తూచరా అని ఉంటే, ఆయన తల్లి నిలబడ్డ ఆ నల్ల నీళ్లకు ఈపాటికి ఏదో ఒక జవాబు దొరికి ఉండేది. నేను కూడా ఏదో ఒక ఊళ్లో చిన్న కొట్టు పెట్టుకుని నిటారుగా బతికి ఉండేవాణ్ని. పదకొండేళ్లు నా పక్కన మర్యాదగా నిలబడి, నేనే మారతానని ఎదురు చూశారు. ఇంకా నేను క్షమించలేకపోతున్నది ఆయన్నే. మా మాస్టారిని.